38కీ 39కీ నడుమ

1950 నాటి సైనిక చట్టంలో 38, 39 సెక్షన్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మొదటిది సైన్యం విడిచి పారిపోవడం గురించి, రెండోది సెలవు లేకుండా గైర్హాజరు కావడం గురించి. శత్రువుతో తలపడే వేళ, లేదా అక్కడికి కదలమని ఉత్తర్వు వచ్చాక మొదటి నేరం చేసినవాడికి మరణశిక్ష దాకా పడవచ్చు. మామూలు రోజుల్లో అయితే ఏడేళ్ల జైలు దాకా. రెండో నేరానికి మూడేళ్లు దాటదు. ఇద్దరు జవాన్లు ఒకే రాత్రి ఒకే బ్యారక్ నుంచి వెళ్లిపోయి ఉండొచ్చు, ఒకే రైలెక్కి ఉండొచ్చు, ఒకే రోజు దొరికి ఉండొచ్చు. అయినా ఒకడు 38 కిందికి, ఇంకొకడు 39 కిందికి రావచ్చు. ఆ సన్నటి సందును చట్టం రాసినవాళ్లు ఎంత నేర్పుగా చెక్కారో దగ్గరగా చూద్దామని ఈ వ్యాసం. చట్టాన్ని పనితనం కోసం చదివే అలవాటు మనకు తక్కువ. ఈ రెండు సెక్షన్లూ, వాటికి ఆసరాగా నిలిచే మరికొన్నీ అలా చదవదగ్గవి.

ఇదేదో ఢిల్లీ లాయర్ల గొడవ అనుకోనక్కర్లేదు. ధర్మవరం పక్కనున్న మా బత్తలపల్లె చుట్టూ ఉన్న ఊళ్లకు ఇది ఇంటి సంగతి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల ఇది. వేరుశనగ వేసి మబ్బుల కోసం ఎదురుచూసే ఇంట్లో ఒక పిల్లోడు మిలిట్రీకి ఎంపికైతే, ఆ నెలజీతమే అప్పు తీరే దారి. వాడు సెలవు మీద వచ్చి గడువు దాటి నాలుగు రోజులు ఎక్కువున్నాడంటే చాలు, రచ్చకట్ట మీద మాట పుడుతుంది. "ఏమప్పా, నీ కొడుకు మిలిట్రీ నుంచి పారిపోయి వచ్చినాడంట కదా?" ఆ తండ్రికి జవాబు తోచదు. ఊరు ఒక్క పూటలో వేసేసిన ఆ ముద్రను చట్టం అంత తేలిగ్గా వేయదు. ఎన్ని మెట్లు ఎక్కాక, ఎంతమంది ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాక, ఎంత గడువు ఇచ్చాక వేస్తుందో ఆ తండ్రికి తెలిస్తే ఆ పూట కొంత ధైర్యంగా నిలబడగలడు.

ముందు చిన్న నేరం నుంచి మొదలుపెడదాం. 39వ సెక్షన్‌లో ఏడు ఖండికలున్నాయి. సెలవు లేకుండా పోవడం మొదటిది. ఇచ్చిన సెలవు గడువు దాటి ఉండిపోవడం రెండోది. సెలవులో ఉండగా తన దళం యుద్ధానికి కదులుతోందని కబురు అందినా ఆలస్యం చేయకుండా వచ్చి చేరకపోవడం మూడోది. ఆ తర్వాత పరేడ్‌కు వేళకు రాకపోవడం, పరేడ్ నుంచో నడక వరుస నుంచో తొలగిపోవడం, పాస్ లేకుండా హద్దులు దాటడం, ఆఖరికి హాజరు కమ్మని పంపిన బడికి ఎగ్గొట్టడం. పైపైన చూస్తే పట్టిక. కానీ ఒక మాట ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని వేలు పెట్టి చదవండి. "తగిన కారణం లేకుండా" అనే మాట మొదటి ఖండికలో లేదు. రెండోదానిలో ఉంది, మూడోదానిలో ఉంది, నాలుగోదానిలోనూ ఉంది.

ఎందుకలా? అనుమతి అడక్కుండానే గేటు దాటినవాడు నియమాన్ని తెలిసే దాటాడు. కారణం ఉంటే ముందు చెప్పుకోవడానికి పైన అధికారి ఉన్నాడు. గడువు దాటినవాడి సంగతి వేరు. వాడు అనుమతితోనే ఇంటికి వచ్చాడు. తిరుగు ప్రయాణం రోజున తండ్రిని బత్తలపల్లె ఆర్డీటీ ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది అనుకుందాం. లేదా ధర్మవరంలో రైలు ఎక్కినవాడు ఢిల్లీ దాటాక పైన కొండదారి మంచుతో మూసుకుపోయి మూడు రోజులు ఆగిపోయాడు అనుకుందాం. అప్పుడు వాడు యూనిట్‌కు ఎంత దూరంలో ఉన్నాడో, దారిలో ఏమి జరుగుతుందో వాడి చేతిలో లేదు. అందుకే చట్టం ఆ ఖండికలోనే కారణానికి చోటు పెట్టింది. ఏడు ఖండికలకూ ఒకే మాట అతికించి ఊరుకోవచ్చు, పని త్వరగా అయ్యేది. అలా చేయలేదు. ఏ మనిషికి కారణం చెప్పుకునే అవసరం ఎక్కువగా పడుతుందో ఆలోచించి, అక్కడ పెట్టారు. ఆసుపత్రి కాగితాలు, రైలు టికెట్లు భద్రంగా దాచుకోమని మాజీ సైనికులు కుర్రవాళ్లకు చెప్పే సలహాకు మూలం ఈ మూడు మాటలే.

39 కిందికి వచ్చే తప్పుల్లో చిన్నవి కోర్టు మార్షల్ దాకా పోనక్కర్లేదు. 80వ సెక్షన్ కింద కమాండింగ్ ఆఫీసరే విచారించి, 28 రోజుల దాకా శిక్ష వేసి ముగించవచ్చు.

ఇంతకీ గైర్హాజరంటే ఎంతసేపు? 92వ సెక్షన్ చదివినప్పుడు నాకు ఆ రాసినవాడి చేతికి దండం పెట్టాలనిపించింది. జీతం కోత కోసం రోజులు లెక్కించే పద్ధతి చెప్పే సెక్షన్ అది. ఏకధాటిగా ఆరు గంటలు, అంతకు మించి లేకపోతే తప్ప ఒక రోజు గైర్హాజరు కింద లెక్క కట్టకూడదు. ఆ ఆరు గంటలూ ఒకే తేదీలో పడినా, అర్ధరాత్రికి అటూ ఇటూ చీలినా ఒకటే. ఇక్కడితో ఆగితే మామూలు లెక్క. తర్వాతి వాక్యంలో ఉంది అసలు సంగతి: ఆరు గంటల కన్నా తక్కువ సేపే లేకపోయినా, ఆ కాస్త సేపట్లో వాడు చేయాల్సిన డ్యూటీ ఇంకొకరి నెత్తిన పడి ఉంటే, దాన్ని పూర్తి రోజుగా లెక్కించవచ్చు. రాత్రి రెండు గంటల కాపలా వంతు ఎగ్గొట్టినవాడిని ఊహించుకోండి. గడియారం ప్రకారం పోయింది రెండు గంటలే. కానీ ఆ చలిలో తన వంతు అయిపోయినా తుపాకి దించకుండా మళ్లీ నిలబడ్డ ఇంకో జవాను ఉన్నాడు. చట్టం ఆ రెండో మనిషిని చూసింది. ఎవరి పేరూ చెప్పకుండా, సానుభూతి మాటలు వాడకుండా, లెక్క కట్టే నియమంలోనే అతని కష్టానికి చోటిచ్చింది. సైన్యంలో గైర్హాజరు ఎందుకు నేరమో ఉపన్యాసాలకన్నా ఈ ఒక్క వాక్యం బాగా చెబుతుంది.

జీతం విషయంలో ఇంకో ముచ్చట. 91వ సెక్షన్ పారిపోయిన రోజులకూ సెలవు లేకుండా పోయిన రోజులకూ ఒకే విధంగా కోత పెడుతుంది. పని చేయని రోజుకు జీతం లేదు, మనసులో ఏముంటే ఏమి? శిక్ష దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనసే ప్రధానం అవుతుంది.

ఆ మనసు సంగతికి వద్దాం. 38వ సెక్షన్ పారిపోవడానికి ఇంత శిక్ష అని చెబుతుంది, పారిపోవడం అంటే ఏమిటో చెప్పదు. చట్టం మొత్తం వెతికినా నిర్వచనం దొరకదు. 1957 నాటి నౌకాదళ చట్టం ఇందుకు భిన్నం. అందులో 49వ సెక్షన్ నిర్వచనం ఇచ్చింది: తన నౌక నుంచి, డ్యూటీ ఉన్నచోటు నుంచి తిరిగిరాని ఉద్దేశంతో వెళ్లినవాడు, లేదా బయట ఉండగా అలాంటి ఉద్దేశాన్ని చూపే పని ఏదైనా చేసినవాడు పారిపోయినట్టే. భూసైన్యం చట్టం ఆ పనిని కోర్టులకూ సైనిక సంప్రదాయానికీ వదిలింది. నాకైతే నౌకాదళ చట్టం చేసిన పనే నచ్చింది. ప్రాణం తీసే శిక్ష ఉన్న నేరాన్ని సిపాయి చదివి అర్థం చేసుకునేలా రాయడం మర్యాద. అయినా రెండు దారులూ చేరే చోటు ఒకటే. తేడా ఉద్దేశంలో ఉంది. ఇక తిరిగి రాను అనుకుని పోయినవాడు, లేదా ఫలానా ముఖ్యమైన డ్యూటీ తప్పించుకోవాలని పోయినవాడు పారిపోయినట్టు. రెండు రోజులకే దొరికినా సరే. రావాలనే ఉద్దేశం ఉండి రాలేకపోయినవాడు, బద్ధకించినవాడు, భయపడి నాన్చినవాడు గైర్హాజరైనట్టు. రెండు నెలలైనా సరే. సెలవు చీటీ జేబులో పెట్టుకుని దర్జాగా ఇంటికి వచ్చినవాడు కూడా, ఇక పోను అని ఇంట్లో కూర్చుని నిశ్చయించుకుంటే, అక్కడి నుంచి మొదటి నేరం కిందికి వస్తాడు.

డ్యూటీ తప్పించుకోవడం అన్న రెండో కోణానికి తెలుగు గడ్డ మీద పాత చరిత్ర ఉంది. 1780లో హైదరలీతో యుద్ధానికి ఓడలెక్కి మద్రాసు పొమ్మన్నప్పుడు విశాఖపట్నంలో కంపెనీ సిపాయిలు ఎదురుతిరిగారు. అది తిరుగుబాటు. ఈనాటి చట్టంలో దాని స్థానం 37వ సెక్షన్, అంటే మన జంటకు సరిగ్గా ముందు. ఆయుధం ఎత్తి నిలబడినవాడు, విడిచి పోయినవాడు, చెప్పకుండా పోయినవాడు. ఆ వరుసలో ఒక్కో మెట్టూ బరువు తగ్గుతూ వస్తుంది.

మనసులో ఉన్నది కనిపించదు కదా, మరి ఎలా తేల్చాలి? మా కరువు సీమ వాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. బెంగళూరుకు వలసపోయిన కుటుంబం ఉగాదికి తిరిగి వస్తుందా, ఇక రాదా అని ఊరు ఎలా చెబుతుంది? ముసలి తల్లిని ఇంట్లో ఉంచి పోయారా, తాళంచెవి పక్కింట్లో ఇచ్చారా, రేషన్ కార్డు ఇక్కడే ఉందా, గొర్రెలు మొత్తం అమ్ముకున్నారా, నాలుగైనా ఎవరి మందలోనైనా కలిపి పోయారా, ఇవి చూసి చెబుతుంది. సైనిక న్యాయం చూసేవి కూడా ఇలాంటి గుర్తులే. కిట్ వదిలి పోయాడా? దొంగపేరుతో ఇంకో పనిలో కుదిరాడా? ఎంత దూరం పోయాడు? తానే వచ్చి లొంగిపోయాడా, పోలీసులు పట్టుకొచ్చారా?

వీటిలో ఒక గుర్తును చట్టం ఎంత శ్రద్ధగా భద్రం చేసిందో చూడండి. 142వ సెక్షన్ సాక్ష్యాల గురించి చెబుతూ, జవాను లొంగిపోయినా పట్టుబడినా, అతన్ని అదుపులోకి తీసుకున్న సైనికాధికారి గానీ పోలీసు స్టేషన్ అధికారి గానీ సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. అందులో ఏముండాలి? ఆ సంగతి, తేదీ, స్థలం. ఇంకొకటి: అప్పుడు అతను ఏ బట్టల్లో ఉన్నాడు. బత్తలపల్లె స్టేషన్ ఎస్సై ఆ కాగితం రాయాల్సి వస్తే లుంగీలో ఉన్నాడా, యూనిఫాంలో ఉన్నాడా, తలకు తువాలు చుట్టుకుని కూలీలా ఉన్నాడా రాయాలి. ఒక్క బట్టలతో ఉద్దేశం తేలిపోదు, ఇంట్లో ఉన్నవాడు లుంగీ కట్టుకోక ఏమి కట్టుకుంటాడు? కానీ నెలల తర్వాత ఎక్కడో దూరాన కోర్టు మార్షల్ కూర్చున్నప్పుడు ఆ రోజు నాటి మనిషిని కళ్ల ముందుకు తెచ్చేది అదే. ఎస్సైని అంత దూరం రప్పించనక్కర్లేకుండా, అతను చూసినది మాత్రం పోకుండా చేశారు. తర్వాత మరిచిపోయేదీ, అటూ ఇటూ చెప్పడానికి వీలయ్యేదీ ఏదో గ్రహించి ఆనాడే రాయించారు.

ఇక అన్నిటికన్నా చక్కటి పనితనం 106వ సెక్షన్‌ది. ముప్పై రోజులు దాటితే పారిపోయినట్టే అని సైన్యంలో పని చేసినవాళ్లు కూడా అంటుంటారు. అమెరికాలో కూడా సైన్యం 30 రోజులకు కాగితాల మీద ఆ పేరు పెడుతుంది గనక ఆ మాట లోకమంతా తిరుగుతోంది. మన చట్టం అలా అనలేదు. 30 రోజులు లేకపోతే ఒక కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చోవాలి అంది. ఆ ఎంక్వైరీ ప్రమాణం చేయించి సాక్షులను అడగాలి. తేల్చాల్సినవి రెండే: మనిషి అనుమతి లేకుండా, తగిన కారణం లేకుండా ఎన్నాళ్ల నుంచి లేడు, అతని చేతికిచ్చిన ప్రభుత్వ సొత్తులో, ఆయుధాల్లో, బట్టల్లో ఏమైనా తక్కువ పడిందా. తేలినది ప్రకటించాలి, కమాండింగ్ ఆఫీసర్ దాన్ని పుస్తకంలో ఎక్కించాలి. పారిపోయాడా అన్న ప్రశ్న ఆ ఎంక్వైరీని అడగలేదు. అడగకపోవడంలోనే న్యాయం ఉంది. మనిషి ఎదుట లేడు, తన మాట చెప్పుకోలేడు. అలాంటప్పుడు అతని ఉద్దేశం మీద తీర్పు చెప్పే హక్కు ఎవరికీ ఇవ్వలేదు. లేడు అన్న సంగతి మాత్రం అతను లేకుండానే రుజువు చేయవచ్చు.

ఆ తర్వాత రెండో ఉపఖండిక. అలా ప్రకటించిన మనిషి అటుపైన లొంగిపోకుండా, పట్టుబడకుండా ఉంటే, ఈ చట్టం ప్రయోజనాల మేరకు పారిపోయినవాడిగా భావించాలి. "భావించాలి" అన్నంత వరకే వెళ్లింది. తర్వాత దొరికి విచారణకు వస్తే ఉద్దేశం సంగతి మళ్లీ మొదటి నుంచి తేలాల్సిందే.

38, 39 సెక్షన్ల నడుమ గీత ఎంత ముఖ్యమో 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక కెప్టెన్ తరఫున ఆయన భార్య కోర్టు మెట్లెక్కిన కేసు అది. తీర్పు రాసినది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మత విశ్వాసం వల్ల జాతీయగీతం పాడకుండా లేచి నిలబడిన కేరళ బడిపిల్లలకు అండగా అదే ఏడాది తీర్పు ఇచ్చినదీ ఆయనే. సెలవు లేకుండా పోవడం వేరు, పారిపోవడం వేరు, చట్టమే ఈ తేడా పట్టిచూపింది అన్నారాయన. మొదటిది రెండోది కావాలంటే రెండే దారులు: విడిచిపోయే ఉద్దేశం దానికి తోడు కావాలి, లేదంటే 106 చెప్పిన పద్ధతి అంతా నడిచి, ఎంక్వైరీ ప్రకటన చేశాక కూడా ఆ మనిషి లొంగకుండా, చిక్కకుండా ఉండాలి. పద్ధతిని పక్కకు పెట్టి ముద్ర వేయడానికి మూడో దారి లేదు. చెల్లాచెదురుగా ఉన్న సెక్షన్లను ఆయన ఒక్క వాక్యంలో కూర్చిన తీరు, మొదట వాటిని రాసినవాళ్ల పనితనానికి దీటుగా ఉంటుంది.

ఇంత జాగ్రత్త ఎందుకు అనేవాళ్లకు మొదటి ప్రపంచ యుద్ధం జవాబు. పారిపోవడం, పిరికితనం లాంటి నేరాలకు బ్రిటిష్ సామ్రాజ్య సైనికులు 306 మందిని వాళ్ల సొంత సైన్యమే కాల్చి చంపింది. ఫిరంగుల మోతకు మతి చెదిరి దారి తప్పినవాళ్లు వాళ్లలో ఉన్నారు. 2006లో బ్రిటిష్ పార్లమెంటు వాళ్లందరికీ క్షమాభిక్ష పెట్టింది. ఆ పిల్లల తల్లిదండ్రులు అప్పటికి లేరు.

తల్లిదండ్రుల మాట వచ్చింది గనక, నాకు ఈ చట్టాలతో ఉన్న ఒక పేచీ చెప్పాలి. పారిపోయిన సైనికుడని తెలిసి ఆశ్రయం ఇవ్వడం నేరం. సైన్యంలో ఉన్నవాళ్లకు 38వ సెక్షనే ఆ మాట చెబుతుంది. బయటివాళ్లకు 1860 నాటి శిక్షాస్మృతిలో 136వ సెక్షన్ చెప్పేది, రెండేళ్ల దాకా జైలు. ఆ సెక్షన్‌కు ఒక మినహాయింపు ఉండేది: భార్య తన భర్తకు ఆశ్రయం ఇస్తే నేరం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే 164వ సెక్షన్ అయింది, భార్య అన్న చోట జీవిత భాగస్వామి అని మార్చారు. ఆడపిల్లలూ సైన్యంలో చేరుతున్న కాలానికి తగిన మార్పు. కానీ తల్లికి మినహాయింపు లేదు. పెళ్లికాని పద్దెనిమిదేళ్ల పిల్లోడు మాసిన బట్టలతో వాకిట్లో నిలబడితే రాగిసంకటి పెట్టకుండా తలుపు వేసే అమ్మ మా సీమలో ఎక్కడుంది? సంగతి తెలిసి ఉంటేనే, తెలియడానికి తగిన కారణం ఉంటేనే నేరం అనే మాట ఆమెకు కొంత రక్షణ. అది చాలదు. ఇంత మెలకువగా రాసినవాళ్లు ఇక్కడ ఒక్క పదం చేర్చాల్సింది.

మిగతా చోట్ల తిరిగివచ్చేవాడి కోసం సైనిక చట్టం తలుపులు తెరిచే ఉంచింది. పారిపోయాడని ఆరోపణ పెట్టి విచారించినా, ఉద్దేశం రుజువు కాకపోతే సెలవు లేని గైర్హాజరు కిందే దోషి అని తేల్చవచ్చని 139వ సెక్షన్ అంటుంది. పెద్ద ఆరోపణ నిలవకపోతే మొత్తంగా వదిలేయడమో, లేదంటే వదలడం ఇష్టం లేక పెద్దదాన్నే అంటగట్టడమో కాకుండా న్యాయమూర్తుల స్థానంలో కూర్చున్న అధికారులకు నడిమి మెట్టు ఇచ్చింది.

122వ సెక్షన్ కాలపరిమితి గురించి. గైర్హాజరు సహా చాలా నేరాలకు మూడేళ్లు దాటాక విచారణ లేదు, తప్పించుకు తిరిగిన కాలాన్ని ఆ మూడేళ్లలో లెక్కించరు. పారిపోవడానికి ఆ పరిమితే లేదు, ఎన్నేళ్లకైనా అడగవచ్చు. ఇది చదివి అయ్యో అనుకునేలోపు నాలుగో ఉపఖండిక వస్తుంది. యుద్ధవేళలో కాకుండా పారిపోయినవాడు, లేదా ఆ సంగతి దాచి మోసంతో మళ్లీ సైన్యంలో పేరు రాయించుకున్నవాడు, ఆ తర్వాత సైన్యంలో ఏ దళంలోనైనా ఏకధాటిగా మూడేళ్లు ఆదర్శంగా సేవ చేసి ఉంటే, ఆ పాత నేరానికి విచారణ మొదలుపెట్టకూడదు. ఎవరు క్షమించాలి, ఎప్పుడు క్షమించాలి అన్న ప్రస్తావన లేదు, అర్జీ పెట్టుకోమనలేదు. మూడేళ్ల మంచి నౌకరీయే జవాబుగా నిలుస్తుంది. ఈ సౌకర్యం జవానుకూ, చట్టం లెక్కలో ఆఫీసరు కాని జేసీఓకూ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) మాత్రమే. ఆఫీసరు కాని వ్యక్తి అయి ఉండాలని అదే వాక్యంలో షరతు పెట్టారు. ఆఫీసరే పారిపోతే, ఎన్నేళ్లు ఎంత బాగా చేసినా, విచారణ ఎప్పుడైనా మొదలు కావచ్చు.